హృదయతాళ మెవరి సొత్తు?

మనుష్యుని గుండె విశ్రాంతిగా నున్నపుడు నిమిషమునకు సుమారు 72 మారులు కొట్టుకొనునని పాఠశాలలో బాలురకు చెప్పుచుందుము. ఈ లెక్కను దినమునకు కట్టుమనిన, 1,03,680 అను మొత్తము వచ్చుట చూచి వారు తమ గుణకారమునే శంకింతురు. ఇంత పని రాత్రింబగళ్లు జరుగుచున్నను మనము దానిని తలచుకొనము. తలచుకొనవలసిన దినము వచ్చినపుడు ఆ పనిలో కొంత మఱియొకరి కప్పగింపవలసి వచ్చును. ఆ మఱియొకరు నేడు యంత్రము. ఆ యంత్రము ఏ నియమమును బట్టి పనిచేయును? ఆ నియమ మెవరికి తెలియును? అది తప్పిన నెవరు జవాబుదారులు? ఇవి వైద్యులకు మాత్రమే వదలివేయదగిన ప్రశ్నలు కావు. గృహస్థు లందఱును, గృహిణు లందఱును ఆలోచింపవలసినవి.

ముందుగా సంగతి చెప్పుదుము. గుండె కుడివైపున పై యరలో సైనస్ కణుపు అను చిన్న కణజాలము కలదు. దీనిని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అను నిరువురు కనుగొనిరి. విద్యుత్ప్రేరణ అక్కడ పుట్టి, పై యరలకును క్రింది యరలకును నడుమనున్న మఱియొక కణుపును దాటి, క్రింది యరలకు వ్యాపించును. పుట్టుచోట మందగించినను, దారిలో అడ్డుపడినను గుండె నెమ్మదించును. కన్నులకు చీకట్లు క్రమ్మును, మూర్ఛ వచ్చును, ఒక్కొకప్పుడు ప్రాణమే పోవును. ఈ కొఱతను తీర్చుటకు వచ్చినదే పేస్‌మేకరు.

దాని చరిత్ర మిక్కిలి చిన్నది. 1957 అక్టోబరు 31వ తేదీన అమెరికాలోని మినియాపొలిస్ నగరమున విద్యుచ్ఛక్తి నిలిచిపోగా, గోడనుండి వచ్చు విద్యుత్తుపై నాధారపడిన పేస్‌మేకరులు గల రోగుల కపాయము కలిగెను. అంతట వాల్టన్ లిల్లెహై అను శస్త్రవైద్యుడు కోరగా, ఎర్ల్ బక్కెన్ అను యంత్రశిల్పి కొద్దివారములలో బ్యాటరీతో నడచి రోగివెంట పోదగిన చిన్న పరికరమును చేసియిచ్చెను. సంగీతము నేర్చుకొనువారికి తాళము వేసి చూపు మెట్రోనోము యంత్రపు అమరికయే దానికి మాతృక. మరుసటి యేడు 1958 అక్టోబరు 8వ తేదీన స్టాక్‌హోములో ఓకె సెన్నింగ్ అను వైద్యుడు, రూనె ఎల్మ్‌క్విస్ట్ నిర్మించిన పేస్‌మేకరును ఆర్నె లార్సన్ అను రోగి దేహములోపల నమర్చెను. ఆ మొదటి పరికరము కొన్ని గంటలు మాత్రమే పనిచేసెను. అయినను లార్సన్ 26 పేస్‌మేకరులు మార్చుకొని, 2001లో తన 86వ యేట, గుండెతో సంబంధము లేని వ్యాధిచేత చనిపోయెను. నలుబది మూడేండ్ల ఆయువు నిచ్చిన విద్యను నిందించుటకు మాకు నోరు రాదు. ఈ మాట ముందే చెప్పుచున్నాము. ఏలయన, మేము వ్రాయబోవు విమర్శను చూచి మమ్ము యంత్రద్వేషులలో జమకట్టువారు కొందఱుందురు.

ఇక నూతన విషయము. 2022లో అమెరికాలోని నార్త్‌వెస్టరన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ రోజర్స్, ఇగోర్ ఎఫిమోవ్ మొదలగు పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక యేర్పాటును ప్రకటించిరి. గుండెమీద అంటించిన పలుచని పేస్‌మేకరు ఒకటి. పని తీరిన పిమ్మట అది శరీరములోనే కరగిపోవును. చర్మముమీద అంటించిన సెన్సారులు కొన్ని. అవి గుండె నడక, శ్వాస, దేహపు వేడి, కదలిక అను వానిని కనిపెట్టుచుండును. రొమ్ముమీది పరికరము ఆ వార్తలను గ్రహించి, గుండె కెపుడు ప్రేరణ నీయవలయునో, ఎంత వేగముగ నీయవలయునో తానే నిర్ణయించి, తీగ లేకయే ఆజ్ఞ పంపును. 2025 ఏప్రిలులో ఆ బృందమువారే ‘నేచర్’ పత్రికలో బియ్యపుగింజకంటెను చిన్నదియగు పేస్‌మేకరును వర్ణించిరి. దాని కొలతలు 1.8, 3.5, 1 మిల్లీమీటర్లు. సూదితో లోని కెక్కింపవచ్చును. గుండె తాళము తప్పినదని రొమ్ముమీది పట్టీ గ్రహించినతోడనే వెలుగును పంపును. ఆ వెలుగు చర్మమును కండరమును దాటిపోయి లోపలి గింజను పనిచేయించును. ఇది జంతువులయందును, మృతులైన దాతల గుండెలయందును పరీక్షింపబడినట్లు వారు ప్రకటించిరి.

మఱియొకవైపు కృత్రిమమేధ పెరుగుచున్నది. 2019లో మేయో క్లినిక్‌కు చెందిన వైద్యులు, ఇ.సి.జి. గీతలను మాత్రమే చూచి గుండె నెత్తురును తోయు బలము తగ్గినదో లేదో పసికట్టు విధమును యంత్రమునకు నేర్పిరి. అనుభవజ్ఞుడైన వైద్యుని కంటికి ఆ గీతలలో ఆ సంగతి కనబడదు. చర్మముపై సెన్సారులు, లోన పేస్‌మేకరు, నడుమ నేర్చుకొను యంత్రము: ఈ మూడును ఒకదానితో నొకటి కలియు దినము దూరములో లేదు.

ఈ కలయిక అక్కఱలేనిదని అనలేము. సాధారణపు పేస్‌మేకరు ఒకే వేగముతో తాళము వేసిన, రోగి మెట్లెక్కునపుడు ఆయాసపడును. శరీరము కోరినంత నెత్తురు రాదు. అందుచేత 1980ల దశాబ్దినుండి కదలికను బట్టి వేగము మార్చుకొను పేస్‌మేకరులు వచ్చినవి. కాని ఆ తొలి సెన్సారులకు తెలిసినది అదరుపాటు మాత్రమే. మెట్లు దిగునపుడు పాదము గట్టిగా పడును గనుక, ఎక్కునప్పటికంటె దిగునప్పుడే గుండెను తొందరపెట్టెడివి. గతుకుల దారిని పోవు బండిలో ఊరక కూర్చున్నవానికిని వేగము పెంచెడివి. జ్వరముతో మంచము పట్టినవానికిని, దుఃఖముతో కదలక కూర్చున్నవానికిని దాని సాయము దొరకదు. శ్వాసను, వేడిని, కదలికను కలిపి చూచు యేర్పాటు ఈ మోటుదనమును తీర్చగలదు.

తాత్కాలిక పేస్‌మేకరుల విషయములో లాభ మింకను స్పష్టము. గుండె శస్త్రచికిత్స జరిగిన పిదప కొన్నిదినముల కొఱకు గుండెకు తీగలు తగిలించి, తరువాత వానిని లాగివేయుట వాడుక. చంద్రునిపై మొదట కాలిడిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2012లో శస్త్రచికిత్స తరువాత అట్టి తీగలు తీసినపుడు రక్తస్రావమై, అది మొదలుగా పరిస్థితి విషమించి చనిపోయెను. పుట్టుకతోనే గుండెలోపము గల శిశువులు నూటికి సుమారొక రుందురు. వారిలో శస్త్రచికిత్స కావలసిన పసికందు రొమ్మునుండి తీగ లాగవలసిన పని లేకపోయిన, ఆ తల్లికి అంతకంటె కావలసిన దేమి?

కాబట్టి ఈ విద్య రావలయును. ఏ షరతులమీద రావలయునన్నదే మా వాదము.

ఈ సందర్భమున రెండు తెగలవారు మనకు అడ్డు తగులుచున్నారు. మొదటివారు, మన పూర్వులకు అన్నియు తెలియుననియు, నాడి పట్టి చూచినవారికి ఈ సెన్సారు లెందుకనియు అనువారు. శార్ఙ్గధరుడు నాడి నడకను పాము, కప్ప, హంస మొదలగువాని నడకలతో పోల్చి చెప్పిన మాట వాస్తవము. ఆ పరిశీలనయందు మాకు గౌరవము కలదు. అయినను తాళము తప్పినదని తెలిసికొనుట వేఱు, తప్పిన తాళమును సరిచేయుట వేఱు. నిమిషమునకు ముప్పదిమార్లు కొట్టుకొను గుండెను హంసనడక అని పిలిచినంతమాత్రమున అది డెబ్బదికి రాదు. ఈ తెగవారి యిండ్లలోనే కోడలు మూర్ఛపోయిన గాలి సోకినదందురు, వృద్ధురాలు తూలిపడిన వయసు దోషమందురు, ఇ.సి.జి. తీయించుట తప్ప తక్కినవన్నియు చేయింతురు. వీరికి సమాధానము మన సంస్కర్తలు బహుకాలమునుండి చెప్పుచున్నదే. మరల చెప్పి పుటలు నింపము.

రెండవ తెగవారు చదువుకొన్నవారు, మనవారే. ముఖ్యముగా వారితోనే మా వివాదము. వారి వాద మిట్లుండును: “యంత్రము పనిచేసిన చాలును, అది ఎట్లు నిర్ణయించునో రోగి కెందుకు? మందు మ్రింగువాడు రసాయనశాస్త్రము చదివి మ్రింగునా? విమాన మెక్కువాడు దానిని నడుపు విధము తెలిసికొని ఎక్కునా? సంస్థవారు ధనము వ్యయపఱచి కనిపెట్టినది రహస్యముగా నుంచుకొందురు. అది వారి హక్కు.”

వినుట కిది యుక్తియుక్తముగ నున్నది. కాని వారు చూపిన రెండు దృష్టాంతములును వారినే ఖండించుచున్నవి. మందు సీసాపై అందేమున్నదో వ్రాయకున్న అమ్మనీయరు. ఇక విమానమందురా, బోయింగ్ 737 మాక్స్ అను విమానము కథ వారు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. అందొక స్వయంచాలక యేర్పాటు ఒక్క సెన్సారు చెప్పినమాట నమ్మి విమానపు ముక్కును క్రిందికి వంచెడిది. 2018 అక్టోబరులో ఇండొనేషియాలో ఆ విమానము కూలువఱకు, అట్టి యేర్పాటొకటి కలదనియే నడుపువారికి చెప్పబడలేదు. 2019 మార్చిలో ఇథియోపియాలో మఱియొకటి కూలెను. రెంటను కలిసి 346 మంది చనిపోయిరి. అబద్ధమాడిన సెన్సారు, దానిని నమ్మిన యంత్రము, ఆ నమ్మకమును దాచిన సంస్థ: ఈ మూటిని మనుష్యుని రొమ్ములోనికి తెచ్చిన నేమగునో వేఱుగ చెప్పవలయునా?

పాత పేస్‌మేకరునకును, రాబోవుదానికిని గల భేదము ఇక్కడనే యున్నది. పాతదానిలో క్రిందిహద్దు ఇంత, పైహద్దు ఇంత, కదలిక ఇంతయైన వేగ మింత అను నియమములను వైద్యుడు తానే నిర్ణయించి అందులో వ్రాయును. కావలసినపుడు చదువగలడు, దిద్దగలడు. నేర్చుకొను యంత్రము అట్లు కాదు. దానికి వేలకొలది రోగుల ఉదాహరణములు చూపుదురు. వానినుండి అది తనకు తాను ఒక గణితవిధిని, అనగా ఆల్గారిథమును, కూర్చుకొనును. ఆ విధి లక్షలకొలది సంఖ్యలుగా నుండును గాని, చదివి అర్థము చేసికొనదగిన వాక్యముగా నుండదు. ఒకే ఉపాధ్యాయుని ప్రశ్నపత్రములు మాత్రమే వల్లించిన విద్యార్థి ఆ పరీక్షలో మొదటివాడగును. ఊరు మారిన తడబడును. నేర్చుకొను యంత్రముల స్వభావ మిదియే. అమెరికాలో ఒక సంస్థ, నెత్తురు విషమించు సెప్సిస్ రోగమును ముందుగా పసికట్టునని చెప్పి అనేక ఆస్పత్రుల కొక యేర్పాటు నమ్మెను. దాని లోగుట్టు రహస్యము. 2021లో మిచిగన్ విశ్వవిద్యాలయమువారు స్వతంత్రముగ పరీక్షింపగా, ఆ రోగము వచ్చినవారిలో నూటికి 67 మందిని అది పట్టుకొనలేదని తేలెను. పరీక్షించువారు లేకున్న ఆ రహస్యము ఎన్నాళ్లు గౌరవము పొందియుండెడిదో!

ఊరు మారుట యనగా మనకు వచ్చుట యని గ్రహింపుడు. వ్రేలికి తగిలించి నెత్తురులోని ప్రాణవాయువును కొలుచు ఆక్సీమీటరు కరోనాదినములలో మన యిండ్లన్నిట నుండెను. వెలుగును చర్మముగుండ పంపి అది కొలుచును. 2020 డిసెంబరులో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ పత్రికలో వెలువడిన పరిశీలన ప్రకారము, పరికరము బాగున్నదని చూపినను నిజముగ ప్రాణవాయువు తక్కువగా నుండుట తెల్లవారిలో నూటికి 3.6 చొప్పునను, నల్లవారిలో నూటికి 11.7 చొప్పునను కనబడెను. అనగా నల్లని చర్మముగలవారి విషయమున పరికరము సుమారు మూడింతలు ఎక్కువగా పొరబడెను. పొలములో ఎండకు కమిలిన మన కాపు చర్మమును, చెమటతో తడిసిన కూలిస్త్రీ రొమ్మును, ఎముకలు తేలిన వృద్ధుని దేహమును చూడని సెన్సారు, మన గుండెలకు తాళము వేయుటకు అర్హమని ఎవరు నిర్ణయించిరి?

సెన్సారు చెప్పిన మాటను తీర్పుగ తీసికొనరాదనుటకు ఇంకొక దృష్టాంతము. చేతి గడియారముతో గుండెతాళపు అపసవ్యతను కనిపెట్టుటను గూర్చి అమెరికాలో జరిగి, 2019లో ప్రకటింపబడిన పెద్ద పరిశీలనలో 4,19,297 మంది పాల్గొనిరి. వారిలో గడియారము హెచ్చరించినది నూటికి 0.52 మందిని. హెచ్చరిక పొంది, తరువాత రొమ్ముపట్టీ ధరించి దానిని తిరిగి పంపినవారిలో నూటికి 34 మందికి ఆ అపసవ్యత పట్టీలో కనబడెను. మిగిలినవారికి రోగము లేదని దీనిచే తేలదు. అది వచ్చిపోవు రోగము. కాని హెచ్చరిక వేఱు, నిశ్చయము వేఱు అని తేలుచున్నది. గడియారము పొరబడిన వైద్యునియొద్దకు పోయి ఊరట పొంది వత్తుము. అదే హెచ్చరిక మనిషి యెవ్వడును చూడకముందే గుండెకు ఆజ్ఞగా మారిన, పొరబాటును దిద్దుట కెడమెక్కడ?

ఇక రహస్యమును గూర్చి. చదువరులారా, మన సంస్కరణోద్యమ మేమి చేసినదో ఒక్కమారు తలచుకొనుడు. మంత్రము గొప్పదే గావచ్చును. వినుట కందఱు నర్హులు కారని దానిని మూసిపెట్టిరి. స్త్రీ చదువరాదనిరి, శూద్రుడు వినరాదనిరి. ఫల మనుభవించిన చాలును, అర్థ మడుగవలదనిరి. ఆ నిషేధమును ధిక్కరించి, అర్థ మడుగు హక్కు అందఱిదని నిలిచినవారి సంతతి మనము. నేడు ఆ మూసిన తలుపే వ్యాపారరహస్యమను క్రొత్త బోర్డుతో మన ముందు నిలిచిన, సంస్కృతములో చెప్పినపుడు ప్రశ్నించిన మనము ఇంగ్లీషులో చెప్పినపుడు తల వంచుదుమా? మన భాషలో తాళమను మాటకు రెండర్థములు కలవు: పాటకు వేయునది, తలుపునకు వేయునది. గుండెకు మొదటిది కావలయును. సంస్థలు దానితోపాటు రెండవదియు వేసి, తాళపుచెవి తమ మొలను దోపుకొనుచున్నవి.

“బయటపెట్టిన దుర్మార్గులు పేస్‌మేకరులను దూరమునుండియే చెఱుపరా?” అని మఱికొంద ఱడుగుదురు. రహస్యము రక్షణ యనుకొనుట భ్రమ. 2016లో కొందఱు బయటి పరిశోధకులు ఒక ప్రసిద్ధసంస్థ పేస్‌మేకరులలో అట్టి లోపములు కలవని చాటగా, ఆ సంస్థ కాదని వాదించి వ్యాజ్యము వేసెను. 2017 ఆగస్టులో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ, ఆ లోపములను దిద్దుకొనుటకై ఆ దేశములో సుమారు 4,65,000 పేస్‌మేకరులు గలవారు ఆస్పత్రులకు పోవలయునని ప్రకటించెను. లోపము మొదటినుండియు లోన నున్నది. దాని మాట వెలుపలివారు చెప్పిన తరువాతనే దిద్దుబాటు వచ్చినది.

సంస్థలు దాచుకొనుటలో ఇంకొక వింత కలదు. రోగికి చూపనిది ఇతరులకు చూపబడుచున్నది. 2016లో ఒహాయో రాష్ట్రమున ఒకని యిల్లు కాలిపోయెను. పోలీసులు న్యాయస్థానపు ఉత్తరువుతో అతని పేస్‌మేకరులోని లెక్కలను సంపాదించి, అతడే నిప్పంటించెనని ఆరోపించుటకు వానిని ఆధారము చేసిరి. 2017లో న్యాయాధిపతి వానిని సాక్ష్యముగ స్వీకరింపవచ్చుననెను. అతడు దోషియో కాడో మా కక్కఱలేదు. తన గుండె తనమీద సాక్ష్యము చెప్పవచ్చుననిన, ఆ సాక్ష్యమేమో ముందుగా తాను చదువుకొను హక్కయినను మనుష్యునకు వలదా? చర్మమున సెన్సారులు పెరిగినకొలది ఆ లెక్కలలో మనము నిద్రించిన వేళ, నడచిన దారి, కలతపడిన క్షణము, అన్నియు నుండును. వానిని భీమా వ్యాపారి చూడగలిగి, ఇంటి యిల్లాలు చూడలేకుండుట న్యాయము కాదు.

కడపటి భయము అన్నిటికంటె పెద్దది. అమెరికాలో సెకండ్ సైట్ అను సంస్థ చూపు పోయినవారి కంటిలో అమర్చు ఆర్గస్ అను పరికరమును చేసి 350 మందికి పైగా అమర్పించెను. ధనాభావముచే ఆ సంస్థ ఆ పరికరమును విడిచిపెట్టగా, రోగుల కన్నులలో నున్నవానికి దిక్కు లేకపోయెను. చెడిపోయిన బాగుచేయువారు లేరు. లోగుట్టు ఇతరులకు తెలియదు. 2022లో ఈ సంగతి లోకమునకు వెల్లడియయ్యెను. కన్నుకు జరిగినది గుండెకు జరుగదని ఎవరైన హామీ వ్రాసియిత్తురా?

విమర్శించి చేతులు దులుపుకొనుట మా యుద్దేశము కాదు. మేము కోరునవి నాలుగు.

మొదటిది: యంత్ర మెంత నేర్చుకొన్నను, గుండెవేగమునకు క్రిందిహద్దును పైహద్దును వైద్యుడు విధింపవలయును, నేర్చుకొను భాగమునకు ఆ హద్దులను తాకు నధికార ముండరాదు. సెన్సారు ఊడినను, మాట తప్పినను, పేస్‌మేకరు తనంతట సాదా తాళమునకు తిరిగిరావలయును. రెండవది: మన దేశములో అమ్మదలచిన యేర్పాటును మన దేహములమీద, మన యెండలో, స్త్రీలును వృద్ధులును శ్రామికులును చాలినంతమంది యుండునట్లు పరీక్షించి, ఫలితములను సంస్థతో సంబంధము లేనివారిచే సరిచూపించి, ప్రకటింపవలయును. మూడవది: ఆల్గారిథమును, దానికి నేర్పిన యుదాహరణముల స్వభావమును ప్రభుత్వపరీక్షకుల కప్పగింపవలయును, సంస్థ మూతపడిన నాడు అది వైద్యులందఱి సొత్తు కావలయును. నాల్గవది: తన గుండెలెక్కల ప్రతిని రోగి అడిగిన వెంటనే, తనకు తెలిసిన భాషలో, వెల లేకుండ ఇయ్యవలయును, అతని సమ్మతి లేక ఇతరుల కీయరాదు.

ఇవి గొంతెమ్మ కోరికలని కొట్టివేయుటకు వీలులేదు. 2017నాటి వైద్యపరికరముల నియమములు మనకు కలవు. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి వైద్యపరికరము లన్నియు, వాని సాఫ్టువేరుతో సహా, చట్టమున ఔషధములవలెనే పరిగణింపబడుచున్నవి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణమునకు చట్టము వచ్చినది. అధికారము కలదు, అడుగువారు కావలయును. అడిగిన ఫలమున్నదనుటకు స్టెంటుల కథ చాలును. గుండె రక్తనాళములలో పెట్టు ఆ పరికరముల ధరలకు 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వము హద్దు విధించెను. అంతకు ముందే, 1990ల దశాబ్దిలో, మన హైదరాబాదులో హృద్రోగవైద్యుడు సోమరాజుగారును, శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాంగారును కలిసి తక్కువ వెలకు కలాం-రాజు స్టెంటును చేసి చూపిరి. పరుల రహస్యమునకు మ్రొక్కుటకంటె స్వయముగ తెలిసికొనుట సాధ్యమని మన యూరివారే నిరూపించిరి. ఆ పని పేస్‌మేకరు విషయమున ఏల జరుగరాదు? ఇంజనీరింగు కళాశాలలు వీధికొకటి చొప్పున నున్న రాష్ట్రములకు ఈ ప్రశ్న అవమానముగ తోపవలయును.

గృహస్థులు ప్రభుత్వము కొఱకు వేచియుండ నవసరము లేదు. ఇంటిలో నెవరికైన పేస్‌మేకరు పెట్టవలసి వచ్చినపుడు వ్రాలు చేయుటకు ముందు అడుగుడు: దీని హద్దు లెవరు నిర్ణయించిరి? ఇది నేర్చుకొనునదా, వ్రాసిన నియమమున నడచునదా? ఎట్టివారిమీద పరీక్షించిరి? దీని లెక్కలు ఎక్కడికి పోవును? సంస్థ లేకపోయిన ఏమి గతి? వైద్యునకు కోపము వచ్చునని సంకోచింపవలదు. మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు సంతోషించును. ఏలయన సంస్థవారి నడుగుటకు అతనికిని బలము చేకూరును. పరికరముతో నిచ్చు గుర్తింపు చీటిని బీరువాలో దాచక రోగియొద్దనే యుంచుడు. ముఖ్యముగ, ఇంటి యాడువారు కళ్లు తిరుగుచున్నవని చెప్పిన పనియెగవేత యనకుడు. యంత్ర మెంత తెలివిగలదైనను, పరీక్షకే తీసికొనిపోబడని స్త్రీకి అది చేయగల సాయ మేమియు లేదు.

గుండె తప్పినపుడు యంత్రము తాళము వేయుట సిగ్గుపడవలసిన పని కాదు, సంతోషింపదగిన పని. ఆ యంత్రము ఏమి విని, ఏమి తలచి, ఏల వేసినదో అడుగుటకు భయపడుట మాత్రము సిగ్గుపడవలసినది. మన పూర్వతరమువారు మూసిన గ్రంథములు తెఱపించిరి. మూసిన యంత్రములు తెఱపించుట మన వంతు. ఈ నాలుగు కోరికలను మీ సభలలో తీర్మానములుగ చేయుడు, మీ శాసనసభ్యులకు వ్రాయుడు, మీ వైద్యులతో చర్చింపుడు. ప్రాణము మనది, దానిని కాపాడు నియమమును చదువు హక్కును మనదే.